ఒకే తెలుగు పేజీ, బ్రౌజర్‌కో తీరు: అతుకులు వేసినవాళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ను ఒక తెలుగు అక్షరంతో మొదలుపెడదాం.

2018 ఫిబ్రవరిలో చాలా దేశాల్లో ఐఫోన్లు ఉన్నట్టుండి మొరాయించడం మొదలుపెట్టినయి. వైరస్ కాదు, హ్యాకింగ్ కాదు. కారణం మన ‘జ్ఞా’. ఆ అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు కలిపి ఎవరైనా మెసేజ్ పంపితే, ఆ మెసేజ్ యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే రీస్టార్ట్ అవుతూ కూర్చునేది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

గమ్మత్తు ఏందంటే, అదే మెసేజ్ ఆండ్రాయిడ్ ఫోన్‌కు పంపితే ఏమీ అయ్యేది కాదు. మామూలుగా చదువుకోవచ్చు. పంపింది ఒకటే, చేరింది ఒకటే. మరి ఒక ఫోన్ చదివింది, ఇంకో ఫోన్ పడిపోయింది. ఎందుకు?

ఈ ‘ఎందుకు’ వెనక ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. వెబ్ పేజీ ఒక బ్రౌజర్‌లో చక్కగా, ఇంకో బ్రౌజర్‌లో చిందరవందరగా కనపడటం, దాన్ని సరిచేయడానికి మనుషులు పడ్డ తిప్పలు. ఆ తిప్పల్లో తెలుగు వాటా మామూలుది కాదు. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోవాలి. వెబ్ పేజీ అనేది ఫొటో కాదు. సర్వర్ నుంచి మీ ఫోన్‌కు బొమ్మ రాదు, రాతకోతలు వస్తాయి. ‘ఇది శీర్షిక, ఇది పేరా, ఈ డబ్బా వెడల్పు ఇంత, ఇక్కడ ఈ అక్షరాలు’ అని. వాటిని చదివి తెర మీద గీసే పని బ్రౌజర్‌ది. మేస్త్రీకి ప్లాన్ ఇచ్చినట్టు అనుకోండి. ప్లాన్ ఒకటే, మేస్త్రీలు నలుగురు. నాలుగు ఇళ్లు అచ్చం ఒకేలా రావాలంటే ప్లాన్‌లో ప్రతి గీతకూ నలుగురూ ఒకే అర్థం చెప్పుకోవాలి. అక్కడే తేడా వచ్చింది.

1990ల్లో నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అని రెండు బ్రౌజర్లు పోటీ పడేవి. పేజీ ఎలా కనపడాలో చెప్పే సీఎస్ఎస్ అనే భాష మొదటి ప్రమాణం 1996 డిసెంబర్‌లో వచ్చింది. కానీ రెండు కంపెనీలూ దాన్ని తలా ఒక తీరుగా అమలు చేసినయి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక డబ్బా వెడల్పు 300 పిక్సెళ్లు అని రాశారు. లోపల రెండు పక్కలా 20 చొప్పున ఖాళీ, అంచు గీత 5 చొప్పున. మొత్తం డబ్బా ఎంత? ప్రమాణం ప్రకారం 300 అనేది లోపలి రాతకు మాత్రమే. ఖాళీలు 40, గీతలు 10 కలిపితే 350. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం, ఖాళీలూ గీతలూ అన్నీ కలిపే 300 అనుకునేది. అంటే రాతకు మిగిలేది 250. ఇల్లు కొనేటప్పుడు కార్పెట్ ఏరియానా, గోడలతో కలిపి ప్లింత్ ఏరియానా అని పంచాయితీ అవుతది కదా, అచ్చం అదే. ఒక్క డబ్బాలో 50 పిక్సెళ్ల తేడా. పక్కపక్కన మూడు డబ్బాలుంటే మూడోది కిందికి జారిపోతుంది. పేజీ మొత్తం ఆగమాగం.

2001లో వచ్చిన ఆరో వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ ఈ లెక్కను ప్రమాణానికి తెచ్చింది. అయితే పేజీ మొదట్లో సరైన ప్రకటన వాక్యం ఉంటేనే కొత్త లెక్క, లేకపోతే పాత లెక్కే. ఇంకో విచిత్రం కూడా ఉంది. గోడలతో కలిపి కొలవడమే సులువు అని డెవలపర్లకు తర్వాత తెలిసొచ్చింది. ‘బాక్స్ సైజింగ్’ అనే పేరుతో అదీ ప్రమాణంలో చేరింది. ఇప్పుడు చాలామంది వాడేది ఆ లెక్కే. అంటే గొడవ ఏ లెక్క మంచిది అని కాదు. అందరిదీ ఒకే లెక్కనా కాదా అని.

ఇదంతా ఇంగ్లిష్ పేజీల బాధ. వాళ్లకు డబ్బా జరిగినా అక్షరం అక్షరంగానే ఉండేది. మనకు అక్షరమే ఉండేది కాదు.

ఎందుకంటే, కంప్యూటర్‌కు అక్షరం అంటే ఒక నంబర్. అప్పటి ఫాంట్లలో ఒక అక్షరానికి ఒక బైటు, అంటే మొత్తం 256 గదులు. అవి ఇంగ్లిష్, యూరప్ భాషల అక్షరాలతో నిండి ఉన్నాయి. తెలుగు ఫాంట్లు చేసినవాళ్లు ఏం చేశారంటే, ఆ గదుల్లో ఇంగ్లిష్ అక్షరం బొమ్మ తీసేసి తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు లాంటి ముక్కలు పెట్టారు. ఏ గదిలో ఏ ముక్క పెట్టాలి అని ఎవరి నిర్ణయం వాళ్లదే. అందుకే ఈనాడు ఫాంట్ నంబర్లు వేరు, వార్త ఫాంట్ నంబర్లు వేరు, శ్రీలిపి నంబర్లు వేరు.

దీనికి మా ఊరి పేరే మంచి ఉదాహరణ. మాది మెదక్ జిల్లా శంకరంపేట. ‘ఏ శంకరంపేట?’ అని వెంటనే అడుగుతారు. ఎందుకంటే ఒకే జిల్లాలో రెండున్నయి. పెద్ద శంకరంపేట ఒకటి, చిన్న శంకరంపేట ఒకటి. సర్కారు కాగితాల్లో శంకరంపేట (ఎ), శంకరంపేట (ఆర్) అని రాస్తారు. ఆ బ్రాకెట్‌లో ఉన్న ఒక్క అక్షరం తీసేస్తే కాగితం ఏ ఊరికి పోవాలో తెలవదు. పాత తెలుగు వెబ్ పేజీల పరిస్థితి అదే. నంబర్ వచ్చింది, కానీ అది ఏ ఫాంట్ లెక్కలో నంబరో తెలిపే ఫాంట్ మీ దగ్గర లేదు. అప్పుడు బ్రౌజర్ దాన్ని ఇంగ్లిష్ లెక్కలో చదివి, నెత్తి మీద చుక్కలూ గీతలూ ఉన్న యూరప్ అక్షరాలను వరసగా పోసేది. ఆనాటి వాళ్లకు ఆ పేజీ బాగా గుర్తుంటుంది.

దీనికి రెండు కంపెనీలూ మందు కనిపెట్టినయి. పేజీతో పాటే ఫాంట్‌ను కూడా పంపిస్తే సరిపోతుంది కదా అని. 1997లో మైక్రోసాఫ్ట్ ఒక పద్ధతి తెచ్చింది, నెట్‌స్కేప్ ఇంకోటి తెచ్చింది. ఒకదాని ఫాంట్ ఫైలు ఇంకోదానికి అర్థం కాదు. తర్వాత నెట్‌స్కేప్ పోటీలో వెనకబడింది, ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే మిగిలినట్టు అయింది. 2001లో ఆరో వెర్షన్ వస్తే ఏడోది వచ్చేసరికి 2006 అక్టోబర్. ఐదేళ్లు. పోటీ లేదు కాబట్టి తొందర లేదు. ‘ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే బాగా కనపడుతుంది’ అని చాలా సైట్ల అడుగున రాసి ఉండేది. అంటే వేరే బ్రౌజర్ వాడితే, లినక్స్ వాడితే, తెలుగు పేపర్ మీకు అందదు అని.

2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. మంచి బ్రౌజర్. కానీ దాంట్లో ఆ తెలుగు పేజీలు తెరిస్తే మళ్లీ అదే యూరప్ అక్షరాల కుప్ప. అప్పుడు వెన్న నాగార్జున ఒక పని చేశారు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది ఆయనే. ఆయన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశారు. మీరు పేపర్ పేజీ తెరుస్తారు. పద్మ ఆ పేజీలో ఏ ఫాంట్ వాడారో చూస్తుంది, ఆ ఫాంట్ లెక్క ప్రకారం ప్రతి నంబర్‌నూ విప్పుతుంది, దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి అక్కడికక్కడే చూపిస్తుంది. మామూలు అతుకు కాదిది. పేజీ కనపడేలా చేసి ఊరుకోలేదు, పేజీలోని రాతనే మార్చింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

యూనికోడ్ సంగతి జర చెప్పుకుందాం. ప్రపంచంలో ప్రతి లిపికీ విడి నంబర్లు ఇచ్చే పట్టిక అది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, 128 స్థానాలతో. ఇక్కడ ‘క’ నంబర్ అంటే ఏ ఫాంట్‌లోనైనా, ఏ దేశంలోనైనా ‘క’నే. శంకరంపేటకు బ్రాకెట్ అవసరం లేకుండా పిన్‌కోడ్ ఇచ్చినట్టు. 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ అనే తెలుగు ఫాంట్‌తో వచ్చింది. అయినా కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి సంక్లిష్ట లిపుల మద్దతు అనే దానికి టిక్కు పెట్టుకుంటేనే అక్షరాలు సరిగ్గా కలిసేవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2006లో వీవెన్ చేసిన ‘లేఖిని’ వచ్చింది. ఇంగ్లిష్ కీబోర్డుతో టైపు చేస్తే తెలుగు వచ్చేది. తెలుగు బ్లాగులు ఊపందుకున్నది ఆ రోజుల్లోనే.

ఇక సమస్య తీరిపోయింది అనుకుంటున్నారా? లేదు. కొత్తది మొదలైంది.

‘స్త్రీ’ అని రాయండి. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల ఎన్ని నంబర్లో తెలుసా? ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఈ ఆరింటినీ చూసి, పొల్లు తర్వాత వచ్చిన త వత్తు కావాలి, ర ఇంకో వత్తు కావాలి, గుడి దీర్ఘం స మీదికి పోవాలి అని లెక్కగట్టే ఇంజిన్ ఒకటి ఉండాలి. దాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. అక్షరాలను కూర్చే మిషన్ అనుకోండి. విండోస్‌లో ఒకటి, లినక్స్‌లో ఒకటి, ఆపిల్‌లో ఒకటి. అంటే మళ్లీ నలుగురు మేస్త్రీలు.

ఫైర్‌ఫాక్స్ 2 కాలంలో తెలుగు బ్లాగర్లను బాగా ఏడిపించిన ఒక తప్పు ఉంది. పేపర్లో లాగా రెండు అంచులూ సమానంగా రావాలని బ్లాగులో ‘జస్టిఫై’ పెట్టేవాళ్లు. ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనపడేది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం వత్తులు విడిపోయి, గుణింతాలు ఊడిపోయి కనపడేవి. ఎందుకంటే వరస నిండేలా ఖాళీ పంచేటప్పుడు ఆ బ్రౌజర్ ఒక్కో నంబర్‌నూ ఒక్కో అక్షరం అనుకుని విడివిడిగా పెట్టేది. ఇంగ్లిష్‌కు అది చెల్లుతుంది. ‘స్త్రీ’ని ఆరు ముక్కలుగా పెడితే ఏం మిగులుతుంది? అక్షరాల మధ్య దూరం పెంచినా ఇదే గతి.

దీనికి అప్పటి మందు చాలా చిన్నది. జస్టిఫై తీసేయండి, ఎడమకు పెట్టండి, అంతే. బ్లాగర్లు ఒకరికొకరు ఇదే చెప్పుకున్నారు. కానీ అసలు మందు బ్రౌజర్ లోపల పడాలి. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చింది. దాంట్లో రాతను అమర్చే భాగాన్ని మళ్లీ మొదటి నుంచి రాశారు. అప్పటి నుంచి జస్టిఫై పెట్టినా తెలుగు విరగలేదు.

ఇంగ్లిష్ ప్రపంచంలో కూడా ఆ కాలమంతా అతుకుల కాలమే. ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే అర్థమయ్యే ప్రత్యేక వ్యాఖ్యలు పెట్టి, దానికి వేరే సీఎస్ఎస్ పంపేవాళ్లు. బ్రౌజర్ పేరు అడిగి, పేరును బట్టి వేరే పేజీ ఇచ్చేవాళ్లు. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ తెచ్చారు. తేడాలన్నీ లోపల దాచి, బయటికి ఒకే తీరుగా పనిచేసేలా. ఎరిక్ మేయర్ ‘రీసెట్’ అనే సీఎస్ఎస్ ఇచ్చారు. బ్రౌజర్లు సొంతంగా పెట్టే ఖాళీలన్నిటినీ ముందు సున్నా చేసి, తర్వాత మన లెక్క మొదలుపెట్టడం. ఇంకోపక్క కొందరు బ్రౌజర్లకే పరీక్ష పెట్టారు. 2005లో ఆసిడ్ 2, 2008లో ఆసిడ్ 3. ప్రమాణం ప్రకారం గీస్తే ఒక నవ్వే ముఖం రావాలి, అది ఆసిడ్ 2. సరిగ్గా గీయని బ్రౌజర్‌లో ఆ ముఖం వంకర్లు పోయేది. ఏ బ్రౌజర్ ఫెయిల్ అయిందో అందరికీ కనపడేది. సైట్లు చేసేవాళ్లు వెయ్యి అతుకులు వేయడం కన్నా, నలుగురు మేస్త్రీలకు ఒకే కొలతబద్ద ఇవ్వడం మేలు అని అందరూ ఒప్పుకున్నది అప్పుడే.

ఇప్పుడు మన ఫోన్ల దగ్గరికి వద్దాం. మీలో చాలామందికి ఇంటర్నెట్ అంటే మొదటి నుంచీ ఫోనే. కానీ మీ అన్నలను, అక్కలను అడగండి. నోకియా ఫోన్‌లో తెలుగు పేజీ తెరిస్తే అన్నీ డబ్బాలే. దానికి ఒక చిట్కా నోటినోటా నడిచింది. ఒపేరా మినీలో అడ్రస్ గడిలో ‘ఒపేరా కోలన్ కాన్ఫిగ్’ అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు అనే చోట ‘ఎస్’ పెట్టాలి. అంతే, తెలుగు ప్రత్యక్షం. ఏం జరిగిందంటే, ఒపేరా సర్వర్ ఆ తెలుగును బొమ్మలుగా గీసి పంపేది. ఫోన్‌కు తెలుగు రాకపోయినా బొమ్మ చూపించడం వచ్చు కదా. ఎంత తెలివైన అతుకు! కానీ బొమ్మ బొమ్మే. దాన్ని కాపీ చేసుకోలేరు, దాంట్లో వెతకలేరు.

2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళాలను లోపలే పెట్టుకుని వచ్చింది. అప్పటికే హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ ఎదుగుతూ ఉంది. బెహ్దాద్ ఎస్ఫాబోద్ ముందుండి నడిపిన ఓపెన్ సోర్స్ పని అది. ఎవరైనా చూడొచ్చు, తప్పు పట్టొచ్చు, సరిచేయొచ్చు. ఈరోజు క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మూడూ అక్షరాలు కూర్చడానికి వాడేది దాన్నే. అందుకే మీకు ఈ మూడింట్లో ‘స్త్రీ’ ఒకేలా కలిసి కనపడుతుంది. ఆపిల్ మాత్రం తన సొంత ఇంజిన్ కోర్‌టెక్స్ట్ వాడుతుంది. 2018లో ‘జ్ఞా’ దగ్గర ఐఫోన్ పడిపోయి, ఆండ్రాయిడ్ నిలబడింది ఇందుకే. రాత ఒకటే, కూర్చే మిషన్లు వేరు. ఒక మిషన్‌లో ఆ కూర్పుకు లెక్క తప్పింది.

అందరికీ అందుబాటులో ఫాంట్లు కూడా వచ్చినయి. సిలికానాంధ్ర సంస్థ ద్వారా పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మల్లన్న, మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పేజీతో పాటు ఫాంట్ పంపాలన్న 1997 నాటి ఆలోచన చివరికి అన్ని బ్రౌజర్లకూ ఒకే పద్ధతిగా మారింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది.

మరి ఇప్పుడు తేడాలు లేవా? ఉన్నాయి. మీరే సైటు చేస్తున్నారనుకోండి, నాలుగు విషయాలు చూసుకోండి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరస ఎత్తు తెలుగుకు సరిపోదు. పైన గుడి, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు. వరస ఎత్తు పెంచకపోతే పై వరస వత్తు, కింది వరస గుడి కొట్టుకుంటాయి. రెండు, బటన్‌కు ఎత్తు బిగించి పెట్టకండి, వత్తులు తెగిపోతాయి. మూడు, ఫాంట్ పేరు చెప్పకుండా వదిలేస్తే విండోస్ ఒక ఫాంట్ తీసుకుంటుంది, ఆండ్రాయిడ్ ఇంకోటి. వాటి ఎత్తూ వెడల్పూ వేరు, పేజీ పొడవే మారిపోతుంది. నాలుగు, క్రోమ్‌లో చూసి పని అయిపోయిందనుకోవద్దు. ఐఫోన్‌లో సఫారీ కూడా తెరిచి చూడండి.

నాలుగోది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, 2013లో ఒపేరా, 2020లో ఎడ్జ్ తమ సొంత ఇంజిన్లు వదిలేసి క్రోమ్ ఇంజిన్‌కు వచ్చేసినయి. ఒకటే మేస్త్రీ ఉంటే పంచాయితీ ఉండదు, నిజమే. కానీ ఒక్కడే మిగిలినప్పుడు ఐదేళ్లు ఏమైందో ఇందాకే చూశాం.

ఇప్పుడు పద్మ దగ్గర గుర్తుపెట్టుకోమన్న మాటకు వస్తాను. ఈ చరిత్రలో అతుకులు రెండు రకాలు. ఒకటి, ప్రస్తుతానికి కనపడేలా చేసేది. ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే పంపిన ఫాంట్, ఒపేరా గీసిన బొమ్మ, ‘ఈ బ్రౌజర్‌లోనే చూడండి’ అనే బోర్డు. అవి ఆ రోజుకు పనికొచ్చినయి. ఆ బ్రౌజర్ పోయింది, వాటితో పాటు అతుకూ పోయింది. రెండోది, రాతనే సరిచేసేది. యూనికోడ్‌లో రాసినవాళ్లది, పాత నంబర్లను యూనికోడ్‌లోకి మార్చినవాళ్లది, షేపింగ్ ఇంజిన్‌లో తప్పు దిద్దినవాళ్లది. 2003లో తెలుగు వికీపీడియాలో రాసిన వాక్యం ఈరోజు మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది, చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపిస్తుంది. అదే కాలంలో సొంత ఫాంట్‌లో పెట్టిన వార్త, ఆ ఫాంట్ గానీ మార్చే పనిముట్టు గానీ లేకపోతే, ఉన్నా లేనట్టే.

ఇది పాత కథ అనుకోవద్దు. ఇప్పటికీ డీటీపీ ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్ చేసిన తెలుగు కాగితాలు రోజూ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. కంటికి తెలుగే. కాపీ చేసి ఇంకోచోట పెట్టి చూడండి, అవే యూరప్ అక్షరాలు వస్తాయి. ఊరి చరిత్రనో, బడి వార్షిక సంచికనో, తాత రాసిన కథలనో అలా దాస్తే, పదేళ్ల తర్వాత వెతికేవాళ్లకు అవి దొరకవు. దాచాల్సింది ఏదైనా మీ దగ్గర ఉంటే యూనికోడ్‌లో టైపు చేసి పెట్టండి. ఫోన్‌లో ఇప్పుడు తెలుగు కీబోర్డు ఉచితమే.

మీ దగ్గర పాత ఫాంట్ ఫైలు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చడం ఎట్లనో తర్వాతి ఎపిసోడ్‌లో చేసి చూపిస్తాను. అప్పటిదాకా సెలవు.